ఈవెంట్స్‌కు నాలుగు నెలల ముందు కాలు ఆగిపోతే

పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం, అంటే పరుగు, లాంగ్ జంప్ పరీక్షల కోసం, పొద్దున్నే గ్రౌండ్‌కు పోయేవాళ్లందరికీ రెండు భయాలు ఉంటాయి. ఒకటి తేదీ వాయిదా పడటం, రెండోది కాలు దెబ్బతినడం. నాకు రెండూ వచ్చినాయి, గోరుచుట్టు మీద రోకటి పోటులాగా. 2022 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ జరిగింది. 95 వేల మందికి పైగా తర్వాతి దశకు అర్హత సాధించారు, వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ మార్చిలోనే జరగాల్సిన ఈవెంట్స్ చివరికి 2024 డిసెంబరు 30న మొదలైనాయి. ఆ ఎదురుచూపు చివర్లో, సెప్టెంబరులో, నా ఎడమ మోకాలి కింది ఎముకలో సన్నని చీలిక కనిపించింది. ఆ నాలుగు నెలల్లో ఏ పని ఏ వరుసలో చేశానో, ఏది పనికొచ్చిందో, ఏది చెడగొట్టిందో రాస్తున్నాను. అనంతపురంలో ఇప్పుడు ఇదే దారిలో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఉపయోగపడితే చాలు.

ముందు తేదీ తెలియని ఎదురుచూపు గురించి చెప్పాలి, ఎందుకంటే కాలు విరగడానికి మూలం అక్కడే ఉంది. తేదీ లేనప్పుడు మనం రెండు తప్పుల్లో ఒకటి చేస్తాం. కొందరు రోజూ రేపే పరీక్ష అన్నట్టు పరిగెత్తుతారు. శరీరం అంత ఒత్తిడిలో కొన్ని వారాలు నిలుస్తుంది గానీ ఏడాది నిలవదు. ఇంకొందరు పూర్తిగా మానేసి, వాట్సాప్‌లో 'వచ్చే నెలే' అని ఒక మెసేజ్ రాగానే ఒక్కసారిగా మొదలుపెడతారు. నేను పూర్తిగా మానలేదు గానీ, చేసింది దాదాపు రెండోదే. వారానికి 15 కిలోమీటర్లు పరిగెత్తుతున్నవాణ్ణి, ఆగస్టులో ఒక పుకారు విని మూడు వారాల్లో 35కు పెంచినాను. అదీ తారు రోడ్డు మీద, అడుగు అరిగిపోయిన బూట్లతో.

తేదీ లేని కాలానికి వేరే లెక్క ఉండాలి. దాన్ని నేను కాపాడుకునే లెక్క అంటాను. వారానికి మూడు రోజులు 25 నుంచి 30 నిమిషాల నిదానమైన పరుగు, అందులో ఒకరోజు చివర్లో 400 మీటర్లు నాలుగుసార్లు, రెండు రోజులు పిక్కలకు, తొడలకు వ్యాయామం. అంతే. అధికారికంగా తేదీ వచ్చిన రోజునే పెంచే లెక్కలోకి మారాలి. అప్పుడు కూడా వారానికి పది శాతం దాటకుండా పెంచడం మేలు. తేదీ వచ్చినాక ఆరు నుంచి ఎనిమిది వారాలు దొరికితే, కాపాడుకున్న కాలికి అది సరిపోతుంది. మానేసిన కాలికి చాలదు.

నొప్పి మొదట్లో పరుగు అయిపోయినాక వచ్చేది. తర్వాత పరుగు మధ్యలో వచ్చింది. చివరికి రాత్రి పడుకున్నా ఉండేది. ఈ మూడు మెట్లు గుర్తుపెట్టుకోండి. గ్రౌండ్‌లో అందరికీ వచ్చే షిన్ పెయిన్‌కూ ఎముక చీలికకూ తేడా వేలితోనే కొంత తెలుస్తుంది. మోకాలి కింద లోపలివైపు అంచు వెంబడి జానెడు పొడవునా నొప్పి ఉంటే అది ఎక్కువగా కండరం, ఎముక పొర దగ్గరి వాపు. రెండు వేళ్ల వెడల్పులో ఒకే చోట నొక్కితే ప్రాణం పోయినట్టు ఉంటే, ఒంటికాలి మీద గెంతలేకపోతే, అది ఎముక సంగతి. అప్పుడు మనకు మనమే గెంతి చూసుకోవడం కూడా ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి పోవాలి. ఎక్స్‌రేలో మొదటి రెండు మూడు వారాలు ఏమీ కనపడకపోవచ్చు. నాకూ కనపడలేదు. ఎక్స్‌రే బాగుందని తిరిగి గ్రౌండ్‌కు పోయి ఉంటే చీలిక పూర్తిగా విరిగేది. ఎంఆర్‌ఐలో తేలింది.

డాక్టరు గారు చెప్పిన ఒక విషయం నా మనసును అన్నిటికన్నా ఎక్కువ మార్చింది. ఎముక మీద కొత్త బరువు పడితే, శరీరం ముందు పాత ఎముకను కొంచెం కొంచెం తొలుస్తుంది, ఆ తర్వాత అక్కడ గట్టి ఎముకను పోస్తుంది. తొలిచే పని మూడు వారాల్లో అయిపోతుంది, పోసే పనికి నెలలు పడుతుంది. ఆ మధ్యలో ఎముక మామూలుకన్నా బలహీనంగా ఉంటుంది. మనం సరిగ్గా ఆ మూడో నాలుగో వారంలోనే ఇంకా పెంచుతాం. అప్పటిదాకా నా కాలు నాకు ద్రోహం చేసిందన్న కోపంలో ఉన్నాను. అది విన్నాక, కాలు చేయాల్సిన పనే చేస్తోందని, దానికి నేను టైము ఇవ్వలేదని అర్థమైంది. కోపం తగ్గితేగానీ తర్వాతి పని కనపడదు. 'నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తొచ్చా సార్?' అని అడిగితే, 'మాత్ర నొప్పిని దాస్తుందయ్యా, చీలికను అతకదు' అన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు పుత్తూరు కట్టు కట్టిద్దామన్నారు. ఇలాంటి సన్నని చీలికలో ఎముక పక్కకు జరగదు, సరిచేసి కట్టేదేమీ ఉండదు. దానికి మందు బరువు తీసేయడమే. ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు బంద్.

మొదటి మూడు రోజులు నేను ఏ నిర్ణయమూ తీసుకోలేదు. ఇది సోమరితనం కాదు, కావాలని పెట్టుకున్న నియమం. ఆ మూడు రోజుల్లో తోచినవన్నీ రెండు కొసల్లోనే ఉన్నాయి: ఒకటి అన్నీ మానేసి బెంగళూరుకు పనికి పోదామని, రెండోది వారంలోనే లేచి పరిగెత్తుదామని. రెండూ దిగులులోంచి పుట్టిన ఆలోచనలే. విషయం ముగ్గురికి మాత్రమే చెప్పినాను. మిగిలినవాళ్లు అడిగితే చెప్పడానికి ఒకే వాక్యం తయారుగా పెట్టుకున్నాను: 'కాలికి దెబ్బ తగిలిందన్నా, నవంబరులో మళ్లీ మొదలుపెడతా.' ఆ వాక్యం లేకుంటే ప్రతి పలకరింపుకూ కథంతా చెప్పాలి, చెప్పిన ప్రతిసారీ గాయం కొత్తగా అవుతుంది.

నాలుగో రోజు నోటిఫికేషన్ కాగితం బయటికి తీసి, పెన్ను పట్టుకుని మొదటినుంచి చదివినాను. ఈ ఒక్క పనికి మిగతా అన్నిటికన్నా ఎక్కువ ఫలితం వచ్చింది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. గ్రౌండ్‌లో తిరిగే మాటలు వేరు, కాగితం మీద ఉన్నది వేరు. సివిల్ కానిస్టేబుల్‌కు మగవాళ్లు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. ఆడవాళ్లకు 10 నిమిషాల 30 సెకన్లు. దాంతోపాటు 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, ఈ రెండింటిలో ఒకటి నెగ్గితే చాలు. 100 మీటర్లకు మగవాళ్లకు 15 సెకన్లు, ఆడవాళ్లకు 18. జంప్ 3.80 మీటర్లు, ఆడవాళ్లకు 2.75. సివిల్‌లో ఇవన్నీ అర్హత కోసమే, మార్కులు లేవు. చివరి ఎంపిక 200 మార్కుల మెయిన్స్ రాత పరీక్ష మీదనే. ఏపీఎస్పీ (ఆంధ్రప్రదేశ్ స్పెషల్ పోలీస్) బెటాలియన్ పోస్టులకు మాత్రం మూడు ఈవెంట్లకూ కలిపి 100 మార్కులు, రాతకు 100.

నా గోడ మీద రెండేళ్లుగా '5.45' అని రాసి ఉంది. అంటే 1600 మీటర్లు ఐదు నిమిషాల నలభై ఐదు సెకన్లలో. గ్రౌండ్‌లో ఒక సీనియర్ అన్న నన్ను సూటిగా అడిగినాడు: 'ఏమప్పా, నీకు కావాల్సింది ఉద్యోగమా, టైమింగా?' బెటాలియన్ మార్కుల కోసం ఆ టైమింగ్‌కు విలువ ఉంది. నా మొదటి కోరిక సివిల్. సివిల్‌కు 7.55 అయినా, 5.45 అయినా ఒకటే. రెండేళ్లు నేను ప్రాణంగా మోసిన అంకె నా లక్ష్యంలో భాగమే కాదు, దాని పక్కన పెరిగిన ఇంకో కోరిక. దాన్ని వదులుకోవడం బాధగా ఉండింది, అబద్ధం చెప్పను. గోడ మీద అంకె చెరిపి '7.45, నొప్పి లేకుండా' అని రాసినాను. బెటాలియన్ మార్కులు పోతాయని ఒప్పుకున్నాను. లక్ష్యం మార్చుకోవడమంటే దాన్ని తగ్గించుకోవడమని చాలామంది అనుకుంటారు. నా విషయంలో అందులో అసలు కావాల్సిందేదో, తోడుగా వచ్చి చేరిందేదో విడదీయడమే జరిగింది.

కాగితం చదివితే ఇంకో భయం కూడా పోయింది. వయసు దాటిపోతుందేమోనని రాత్రుళ్లు లెక్కలు వేసుకునేవాణ్ణి. వయసు లెక్క నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీకే కడతారు, ఈవెంట్స్ జరిగే తేదీకి కాదు. వాయిదా వల్ల ఈ నోటిఫికేషన్‌లో అర్హత పోదు.

తర్వాత ఒక తెల్లకాగితం మీద రెండు వరుసలు గీసినాను. కాలు లేకుండా అయ్యేవి ఒకవైపు, కాలు కావాల్సినవి ఇంకోవైపు. కాలు లేకుండా అయ్యే వరుస అంత పొడుగు వస్తుందని అనుకోలేదు. అరిథ్‌మెటిక్, రీజనింగ్, ఇంగ్లీషు, చరిత్ర, పాలిటీ, జాగ్రఫీ. ఛాతీ కొలత: గాలి నిండా పీల్చినప్పుడు కనీసం 86.3 సెంటీమీటర్లు ఉండాలి, పీల్చకముందుకన్నా 5 సెంటీమీటర్లు పెరగాలి. చాలామంది అక్కడ అర సెంటీమీటరుతో పోతారు, దాన్ని మంచం మీద కూర్చుని సాధన చేయొచ్చు. నిద్ర, తిండి. సర్టిఫికెట్లు సరిచూసుకోవడం. మన జిల్లాలో జూలై దాటినా వాన పడకపోతే వేరుశనగ విత్తనం పక్కన పెట్టి కొర్రలో, ఉలవలో చల్లుతారు. చేను బీడు పెట్టరు, వచ్చే ఏడు వేరుశనగ వేయబోమనీ అనరు. అదే చూపుతో సెప్టెంబరు, అక్టోబరు నెలలను చూసినాను.

లెక్క ఇట్లా వేసినాను. గ్రౌండ్‌కు పోయి రావడానికి రోజుకు మూడు గంటలు, వారానికి ఆరు రోజులు, మొత్తం 18 గంటలు. సైకిలుకూ వ్యాయామానికీ నాలుగు గంటలు తీసేస్తే 14 మిగులుతాయి. ఏడు వారాలకు 98 గంటలు. మెయిన్స్‌కు అన్ని గంటలు మామూలుగా అయితే దొరకవు. అయితే మొదటి వారం ఆ గంటలన్నీ చదువుకే పెట్టబోయి చతికిలపడ్డాను. తెల్లవారి ఐదుకు మెలకువ వస్తుంది, వీధిలో మన జట్టువాళ్ల బండ్ల చప్పుడు వినిపిస్తుంది, పుస్తకం మీద కళ్లు నిలవవు. ఎక్కువ బాధ పెట్టేది ఆ గంటే. దాన్ని ఖాళీగా వదలకూడదు, పాలిటీలాంటి చదువుతో నింపకూడదు కూడా. పెన్ను కదిలే పని పెట్టాలి. ఐదు నుంచి ఏడు వరకు అరిథ్‌మెటిక్ లెక్కలు మాత్రమే, టైము పెట్టుకుని: 25 లెక్కలు 25 నిమిషాలు, ఐదు నిమిషాలు ఆగి తప్పులు చూసుకోవడం, మళ్లీ ఇంకో 25. రెండో వారానికి అది కుదిరింది.

దమ్ము తగ్గకుండా చూసుకోవడానికి సైకిలు. డాక్టరు ఒప్పుకున్నాక, మూడో వారం నుంచి. వారానికి రెండు రోజులు 45 నిమిషాలు నిదానంగా బుక్కరాయసముద్రం చెరువు కట్ట వైపు, ఇంకో రెండు రోజులు గట్టిగా: ఐదు నిమిషాలు మెల్లగా, ఆ తర్వాత మూడు నిమిషాలు గట్టిగా, రెండు నిమిషాలు మెల్లగా, ఇట్లా ఆరుసార్లు, చివర ఐదు నిమిషాలు మెల్లగా. మొత్తం 40 నిమిషాలు. తొక్కేటప్పుడు ఆ చోట నొప్పి వస్తే ఆపేయాలి. ఐదో వారం నుంచి రెండు కాళ్ల మీద మడమలు లేపడం, 15 చొప్పున మూడుసార్లు. తర్వాత ఒక్కో కాలి మీద.

తిండి విషయంలో అందరం ఒకే తప్పు చేస్తాం. పరుగు లేదు కదా, బరువు పెరుగుతామని అన్నం తగ్గిస్తాం. ఎముక అతుక్కునేటప్పుడు తిండి తగ్గిస్తే అతుకు ఆలస్యమవుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. మన అదృష్టం, సీమ ఇళ్లలో రాగి ఉంది. 100 గ్రాముల రాగిపిండిలో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒకపూట సంగటి, రెండు గ్లాసుల పాలు, ఒక గిన్నె పెరుగు, ఒక నువ్వుల ఉండ అయితే లెక్క దాదాపు నిండుతుంది. గుడ్లు, పప్పు మామూలే. విటమిన్ డి పరీక్ష చేయించి, తక్కువ ఉంటే డాక్టరు రాసిన మోతాదులోనే వాడాలి. పక్కవాడు వాడే పొడి మనకు పనికిరాదు.

మనసుకు పెట్టుకున్న పద్ధతులు మూడే. రాత్రి పడుకునే ముందు నోటుబుక్కులో నాలుగు గళ్లు: వ్యాయామం, తిండి, చదువు, నిద్ర. అయితే టిక్కు, కాకపోతే ఖాళీ. వారానికి 28 గళ్లు. నేను పెట్టుకున్న గురి 22. మొదట 28 పెట్టుకున్నాను. బుధవారం ఒక గడి పోగానే వారమంతా పోయిందన్న నిరాశ వచ్చి, మిగతా మూడు రోజులూ వదిలేసినాను. 22 అయితే ఆరు తప్పులకు చోటుంటుంది. రెండోది, ఫోను. తేదీ గురించిన వార్త సాయంత్రం ఏడు గంటలకు ఒకే ఒక్కసారి, అధికారిక వెబ్‌సైట్‌లో మాత్రమే. గ్రూపుల్లో తిరిగే నోటీసుల్లో సగం పాతవి, తేదీ మార్చి తిప్పేవి. తోటివాళ్లు పెట్టే టైమింగ్‌ల వీడియోలున్న గ్రూపును మ్యూట్ చేసినాను. వాళ్ల మీద అసూయ ఉండి కాదు. ఆ వీడియో చూసిన రాత్రే కాలు బాగైందేమోనని గెంతి చూడాలనిపిస్తుంది. మూడోది, దిగులుకు ఒక టైము. సాయంత్రం ఆరున్నర నుంచి పదిహేను నిమిషాలు, తోచిన భయాలన్నీ కాగితం మీద. పొద్దున చదువు మధ్యలో భయం వస్తే, ఆరున్నరకు రాస్తానని చెప్పుకుని లెక్కలోకి తిరిగి రావచ్చు. సాయంత్రానికి వాటిలో సగం రాయడానికే ఉండవు.

ఈ మూడింటితో తగ్గని దిగులు కూడా ఉంటుంది. రెండు వారాలుగా నిద్ర లేకపోయినా, తిండి సయించకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది నోటుబుక్కుతో చూసుకునే పని కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేయండి. ఏ సమయంలోనైనా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. రెండేళ్లు స్టడీ హాళ్లలో ఒంటరిగా కూర్చున్నవాళ్లకు ఇది చెప్పకుండా నేను ఈ మాటలు ముగించలేను.

నవంబరులో రెండో దశ దరఖాస్తులు పిలిచారు. అప్పటికి ఏడు వారాలు అయినాయి. ఐదు రోజులు వరుసగా 45 నిమిషాలు నడిచినా నొప్పి లేదు, నొక్కినా నొప్పి లేదు, డాక్టరు ముందు ఒంటికాలి మీద గెంతినాను. అప్పుడు మొదలు. రోడ్డు కాదు, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ మట్టి మీద. కొత్త బూట్లు. రోజు మార్చి రోజు. మొదటి వారం ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఎనిమిదిసార్లు. రెండో వారం రెండు పరుగు, రెండు నడక, ఆరుసార్లు. మూడో వారం నాలుగు పరుగు, ఒకటి నడక, ఐదుసార్లు. నాలుగో వారం 20 నిమిషాలు ఆగకుండా, మాట్లాడగలిగేంత నిదానంగా. అడుగు పొడుగు తగ్గించి, అడుగుల సంఖ్య కొంచెం పెంచినాను. పొడుగు అడుగులో మడమ ముందుకు పడి, దెబ్బంతా ఆ ఎముక మీదనే పోతుంది.

నొప్పికి నియమం ముందే రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే గ్రౌండ్‌లో ఉన్నప్పుడు మన తీర్పు నమ్మదగింది కాదు. నాది ఇది: పదికి రెండు వరకు నొప్పి వచ్చి, మరుసటి పొద్దుటికి పోతే కొనసాగించాలి. మూడు దాటినా, పొద్దున మంచం దిగినప్పుడు ఉన్నా, రెండు రోజులు ఆగి, వెనకటి వారానికి పోవాలి. మూడో వారంలో ఇదే జరిగింది. పొద్దున లేచేసరికి ఆ చోట సన్నగా నొప్పి. డిసెంబరు తేదీలు దగ్గరికొస్తున్నాయి, ఒక వారం వెనక్కి పోవడమంటే ప్రాణం ఉసూరుమంది. కానీ పట్టికలో మొదటినుంచే ఒక ఖాళీ వారం పెట్టుకున్నాను, అది అక్కడ ఖర్చయింది. ఖాళీ వారం లేని పట్టిక వేసుకుని ఉంటే ఆ రోజు తప్పకుండా పరిగెత్తేవాణ్ణి.

డిసెంబరు రెండో వారం నుంచి 400 మీటర్లు. 8 నిమిషాలంటే ఒక్కో రౌండుకు 2 నిమిషాలు, వంద మీటర్లకు 30 సెకన్లు. 2.05 చొప్పున నాలుగు రౌండ్లు, మధ్యలో రెండు నిమిషాలు నడక. తర్వాతి వారం 1.57 చొప్పున ఆరు. ఎక్కువమంది 1600లో పోయేది దమ్ము లేక కాదు. మొదటి రౌండు గుంపుతో కలిసి 1.30లో పరిగెత్తి, మూడో రౌండుకు కాళ్లు బరువెక్కి పోతారు. మొదటి రౌండు 1.57, రెండు మూడు 1.56, నాలుగోది ఉన్నదంతా. ఈ పద్ధతిని ఒంటరిగా కాదు, గుంపులో పరిగెత్తి అలవాటు చేసుకోవాలి, గుంపులోనే మనసు లాగుతుంది. లాంగ్ జంప్ వదిలేసినాను, నా టేకాఫ్ కాలు ఎడమదే. 100 మీటర్లకు వారానికి ఒకరోజు, 60 మీటర్లు నాలుగుసార్లు, ఎనభై శాతం వేగంతో.

జనవరిలో నా వంతు వచ్చింది. ఎత్తు, ఛాతీ అయినాక 1600. మొదటి రౌండు అయ్యేసరికి మా గుంపులో చివరి నుంచి ఐదోవాణ్ణి. రెండేళ్ల కింద అయితే అది నాకు అవమానంగా ఉండేది. వాచీ 1.58 చూపించింది, అంతే చూసినాను. 7.41కి పూర్తయింది. 100 మీటర్లు 14.3. ఆ రాత్రి కాలికి చల్లనీళ్ల కాపడం పెట్టి, నోటుబుక్కులో నాలుగు గళ్లు టిక్కు చేసి, మరుసటి పొద్దున ఐదుకు మళ్లీ 25 లెక్కలు, 25 నిమిషాలు. మెయిన్స్ జూన్ 1న జరిగింది. అప్పటిదాకా వారానికి మూడు పరుగులు, కాపాడుకునే లెక్కలోనే.